ఫెరార్గంజ్‌లో చెక్క నేల: చుట్టూ అడవే, అయినా ఖర్చు ఎందుకు మూడింతలవుతుంది? కలప ఎలా ఎంచుకోవాలి, లెక్క ఎలా వేయాలి?

అండమాన్ నికోబార్ దీవుల భూభాగంలో 80 శాతానికి పైగా అడవే. దక్షిణ అండమాన్‌లోని ఫెరార్గంజ్ నుంచి జిర్కాటాంగ్ వైపు వెళ్లే అండమాన్ ట్రంక్ రోడ్డుకు రెండు పక్కలా చెట్లే కనిపిస్తాయి. కానీ ఇక్కడ కొత్తగా కట్టే ఇళ్లలో నేలకు పడుతున్నవి ప్రధాన భూభాగం నుంచి ఓడలో వచ్చే టైల్సే.

ఒకప్పుడు దీవుల్లో ఇల్లంటే చెక్క ఇల్లే. గుంజల మీద లేపిన అరుగు, దాని మీద పలకల నేల, పైన రేకుల కప్పు. ఇప్పుడు కాంక్రీటు ఇళ్లు కట్టుకుంటున్నవారిలో కొందరు కనీసం ఒక పడకగదికైనా చెక్క నేల వేయించుకోవాలని అనుకుంటున్నారు. ఆ కోరిక తీరాలంటే ఎంత ఖర్చవుతుంది? ఏ కలప మంచిది?

చాలామంది మొదట అడిగే ప్రశ్న ఇదే. అయితే ఫెరార్గంజ్ లాంటి చోట కలప పేరు కన్నా ముందు తెలుసుకోవాల్సినవి మూడున్నాయి. ఆ కలపకు కాగితాలున్నాయా? దానిలో తేమ ఎంత? కొన్నదాంట్లో నేల మీదకు చేరేది ఎంత? బడ్జెట్‌ను తేల్చేవి ఈ మూడే.

అడవి పక్కనే ఉన్నా కలప ఎందుకు సులువుగా దొరకదు?

శ్రీ విజయపురం (పాత పోర్ట్ బ్లెయిర్)లోని చాథమ్ కోత మిల్లును బ్రిటిష్‌వారు 1883లో మొదలుపెట్టారు. ఆసియాలోని అతి పాత కోత మిల్లుల్లో అది ఒకటి. ఇప్పటికీ అటవీ శాఖ చేతిలోనే ఉంది. ఫెరార్గంజ్ తహసీల్‌లోని బాంబూఫ్లాట్ నుంచి పడవ ఎక్కితే దిగేది చాథమ్ జెట్టీలోనే. అంటే మిల్లు దాదాపు ఎదురుగా ఉన్నట్టే.

అండమాన్ పడౌక్ కలప ఒకప్పుడు ఇక్కడి నుంచి ఐరోపాకు, అమెరికాకు వెళ్లేది. అమెరికాలో దాన్ని 'వెర్మిలియన్' పేరుతో అమ్మేవారు. విలాసవంతమైన పుల్‌మన్ రైలు పెట్టెల లోపలి పనికి వాడేవారు.

ఆ రోజులు పోయాయి. టి.ఎన్. గోదావర్మన్ తిరుముల్పాడ్ కేసులో సుప్రీంకోర్టు శేఖర్ సింగ్ కమిషన్‌ను నియమించింది. దాని నివేదిక ఆధారంగా 2002 మే 7న ఇచ్చిన ఆదేశాలతో దీవుల్లో వాణిజ్య అవసరాలకు చెట్లు కొట్టడం ఆగిపోయింది. ద్వీపవాసుల సొంత అవసరాలకు మాత్రమే, అదీ పరిమితంగా కలప తీయాలన్నది ఆ ఆదేశాల సారం. ప్రధాన భూభాగానికి కలప తరలించడానికీ అడ్డుకట్ట పడింది.

దీని వెనుక కారణం బలమైనదే. ఈ అడవుల్లో చాలా భాగం మరెక్కడా కనిపించని జీవజాతులకు ఇల్లు. ఫెరార్గంజ్‌కు ఉత్తరాన, జిర్కాటాంగ్ దాటాక జరావాల రిజర్వు మొదలవుతుంది. అక్కడి అడవి ఒక ఆదిమ జాతి బతుకుకు ఆధారం.

ఇంటి యజమానికి దీని అర్థం ఏమిటంటే, స్థానిక కలప దొరుకుతుంది, కానీ అడిగినంత, అడిగినప్పుడు దొరకదు. అటవీ శాఖ ద్వారానో, దాని అనుమతి ఉన్న మిల్లు ద్వారానో రసీదుతో కొనాలి. 'తెలిసినవాళ్లున్నారు, సగం ధరకే పడౌక్ ఇప్పిస్తారు' అన్న మాట విని ముందుకెళ్తే తలనొప్పి కొన్నవారికే. భారత అటవీ చట్టం, 1927లోని 69వ సెక్షన్ ప్రకారం, అటవీ ఉత్పత్తి ఎవరిదన్న వివాదం వస్తే అది ప్రభుత్వానిదేనని ముందుగా భావిస్తారు. కాదని నిరూపించుకోవాల్సిన భారం ఎదుటివారిదే. నేలకు కొట్టేసిన పలకకు కూడా రసీదు ఉండాల్సిందే.

పడౌకా, టేకా, ఇంకేదైనానా?

పడౌక్ అండమాన్ నికోబార్ దీవుల అధికారిక వృక్షం. శాస్త్రీయంగా చూస్తే ఇది తెలుగువారికి బంధువే. రాయలసీమ ఎర్రచందనం, మన అడవుల్లోని వేగిస, ఈ పడౌక్ మూడూ 'టెరోకార్పస్' అనే ఒకే ప్రజాతికి చెందినవి.

నేలకు పడౌక్ బాగా సరిపోతుంది. దీని సాంద్రత ఘనపు మీటరుకు సుమారు 770 కిలోలు, టేకుది సుమారు 650 కిలోలు. గట్టిదనాన్ని కొలిచే జాంకా పరీక్షలో టేకు విలువ వెయ్యి పౌండ్లకు కాస్త అటూఇటూగా ఉంటే పడౌక్‌ది సుమారు 1,600. కుర్చీ కాళ్లు ఈడ్చినా, గిన్నె జారిపడినా టేకు కంటే పడౌక్ మీద నొక్కు తక్కువ పడుతుంది.

రెండు విషయాలు మాత్రం ముందే తెలియాలి. పడౌక్ కొత్తగా ఉన్నప్పుడు ఎర్రగా మెరుస్తుంది, వెలుతురు తగిలేకొద్దీ గోధుమ రంగులోకి మారుతుంది. ఆ ఎరుపు కోసమే కొంటే రెండేళ్లకు నిరాశ తప్పదు. రెండోది, దాన్ని రుద్దేటప్పుడు లేచే పొడి ముక్కుకు, కళ్లకు మంట పుట్టిస్తుంది. పనివారికి మాస్కులు తప్పనిసరి.

స్థానికంగా చుగ్లం, పైన్మా, కొక్కో లాంటి కలపలూ ఉన్నాయి. కొక్కో అంటే మన దిరిసెనే. గర్జన్ కలప ప్లైవుడ్‌కు పేరు పొందింది. శుద్ధి చేయిస్తే నేల కింద వేసే రీపర్లకూ పనికొస్తుంది.

2011 జనగణన ప్రకారం దీవుల్లో తెలుగు మాతృభాషగా ఉన్నవారు సుమారు 13 శాతం. వారిలో చాలామంది మూలాలు శ్రీకాకుళం, విశాఖపట్నం ప్రాంతాల్లోనే ఉన్నాయి. అందుకే 'విశాఖ నుంచి ఓడలో టేకు తెప్పించుకుంటే పోలా?' అన్న ఆలోచన సహజంగానే వస్తుంది. తెప్పించుకోవచ్చు. అయితే కలప ధరకు మిల్లు నుంచి రేవుకు లారీ, ఓడ కిరాయి, ఇక్కడ దించి మళ్లీ ఇంటికి చేర్చడం కలపాలి. బిల్లుతో పాటు అటవీ శాఖ రవాణా అనుమతి కూడా అవసరమా కాదా అన్నది అమ్మకందారు దగ్గరే తేల్చుకోవాలి. రేవుకు చేరాక తేలితే కలప అక్కడే ఆగిపోతుంది.

ఏ కలపైనా చేవ భాగమే కొనాలి. చేవ చుట్టూ ఉండే తెల్లచెక్కను చెదలు, పొడి రాల్చే పురుగు ముందుగా పట్టుకుంటాయి. టేకైనా పడౌకైనా తెల్లచెక్కకు ఆ పేరు రక్షణ ఇవ్వదు.

అసలు సంగతి తేమలో ఉంది

చెట్టు కొట్టేశాక కూడా కలప గాలిలోని తేమను పీల్చుకోవడం, వదలడం ఆపదు. పీల్చుకుంటే ఉబ్బుతుంది, వదిలితే కుంచించుకుపోతుంది. కొన్ని వారాలు ఒకే గాలిలో ఉంటే ఒక స్థాయి దగ్గర స్థిరపడుతుంది.

27 డిగ్రీల వేడిలో గాలిలో తేమ 50 శాతం ఉంటే కలపలో తేమ సుమారు 9 శాతం దగ్గర ఆగుతుంది. గాలిలో 65 శాతమైతే కలపలో 12 శాతం. గాలిలో 80 శాతమైతే కలపలో 16 శాతం.

దక్షిణ అండమాన్‌లో ఏడాదికి సుమారు 3,000 మిల్లీమీటర్ల వర్షం పడుతుంది. మే నుంచి నైరుతి రుతుపవనాలు, అవి వెనుదిరిగాక ఈశాన్య రుతుపవనాలు. వానాకాలంలో గాలిలో తేమ 80 శాతం దాటడం మామూలే. కలపలో ఉండాల్సిన తేమ విషయంలో భారతీయ ప్రమాణం ఐఎస్ 287 దేశాన్ని గాలి తేమను బట్టి నాలుగు మండలాలుగా విడగొట్టింది. ఆ కొలతల ప్రకారం ఈ దీవులు అత్యంత తేమ ఉన్న మండలంలోకి వస్తాయి.

దీని నుంచి తేలేది ఒకటే. ఫెరార్గంజ్‌లో ఏసీ లేని గదిలో ఉండే చెక్క 14 నుంచి 16 శాతం తేమ దగ్గర స్థిరపడుతుంది. ఎన్నేళ్లు నీడలో ఆరబెట్టినా అంతకన్నా కిందికి దిగదు. ఏసీ రోజంతా నడిచే గదిలో అదే చెక్క 10 శాతం దగ్గరకు వస్తుంది. కాబట్టి 'బాగా ఎండిన కలప ఇవ్వండి' అంటే సరిపోదు. ఏ గదికి ఎంత ఎండాలన్నదే అడగాలి.

అమెరికాలో బాగున్న నేల ఇక్కడ ఎందుకు లేస్తుంది?

డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న బంధువుల ఇంట్లో ఓక్ నేల చూసి ముచ్చటపడేవారు చాలామంది. అక్కడ ఇంటి చట్రమే చెక్కది. నేల కింద ప్లైవుడ్ ఉంటుంది. ఏడాది పొడవునా హీటర్, ఏసీ ఏదో ఒకటి నడుస్తుంది. అందుకే అక్కడ 6 నుంచి 9 శాతం తేమ ఉన్న పలకలు వాడతారు. ఇంటర్నెట్‌లో దొరికే సూచనల్లో ఎక్కువ భాగం ఆ ఇళ్ల కోసం రాసినవే.

అదే పలకను ఫెరార్గంజ్‌లో కిటికీలు తెరిచి ఉంచే గదిలో వేస్తే ఏమవుతుంది? టేకుతో లెక్క చూద్దాం.

పచ్చి స్థితి నుంచి పూర్తిగా ఎండేవరకు టేకు పలక వెడల్పులో సుమారు 5.3 శాతం కుంచించుకుపోతుంది. అంటే తేమ 1 శాతం మారితే వెడల్పు సుమారు 0.19 శాతం మారుతుంది. 8 శాతం తేమతో వచ్చిన పలక ఇక్కడ 15 శాతానికి చేరితే మార్పు 7 శాతం. పలక వెడల్పు 1.3 శాతం పెరుగుతుంది.

నాలుగు అంగుళాల పలకకు అది 1.3 మిల్లీమీటర్లే. కానీ 10 అడుగుల వెడల్పు గదిలో పలకలన్నీ కలిపి సుమారు 40 మిల్లీమీటర్లు పెరుగుతాయి. గోడల పక్కన మామూలుగా వదిలే ఖాళీ అటు 12, ఇటు 12 మిల్లీమీటర్లు. మిగిలిన 16 మిల్లీమీటర్లకు చోటెక్కడ? మేకులు కొంత ఆపుతాయి, ఆపలేని చోట పలకలు అంచుల దగ్గర లేచి దోనెలా వంగుతాయి, లేదా నేల మొత్తం ఉబ్బి పైకి లేస్తుంది.

హైదరాబాద్‌లో వేసవిలో ఆరబెట్టిన చెక్కతోనూ ఇదే ఇబ్బంది. అక్కడి ఏప్రిల్ గాలికీ ఇక్కడి జూన్ గాలికీ పోలికే లేదు.

కోత తీరును బట్టి కూడా ఈ మార్పు తగ్గుతుంది. పలక చివర చూడండి. చెట్టు వలయాల గీతలు పలక మందానికి నిలువుగా కనిపిస్తే అది క్వార్టర్ కోత. పడుకున్నట్టు వంపు గీతలుంటే మామూలు కోత. టేకులో క్వార్టర్ కోత పలక సగమే కదులుతుంది. పై లెక్కలో 40 మిల్లీమీటర్లు కాస్తా 20కి తగ్గి, వదిలిన ఖాళీలోనే సర్దుకుంటుంది. ఈ కోతకు వృథా ఎక్కువ, ధర ఎక్కువ. అయినా తేమ ఇంతగా మారే చోట ఆ డబ్బు వృథా కాదు.

తేమను ఎలా కొలవాలి?

కలప తేమను కొలిచే మీటర్లు కొన్ని వేల రూపాయల్లోనే దొరుకుతాయి. సరుకు దించే రోజున పదిహేను ఇరవై పలకలను, ఒక్కోదాన్ని రెండు మూడు చోట్ల గుచ్చి చూడాలి. సగటు చూసి సరిపెట్టుకోకూడదు. కొన్ని పలకలు 12, కొన్ని 20 చూపిస్తే సగటు 16 వచ్చినా ఆ సరుకు పనికిరాదు. 20 శాతం దాటిన కలపకు బూజు, కుళ్లు పట్టే ప్రమాదం కూడా ఉంటుంది.

మీటరు లేకపోతే ఇంటి దగ్గరే తేల్చుకోవచ్చు. పలక మధ్య నుంచి చిన్న ముక్క కోసి వంటింటి డిజిటల్ తక్కెడలో తూచాలి. 103 డిగ్రీల ఓవెన్‌లో బరువు ఇక తగ్గకుండా ఆగేవరకు ఆరబెట్టి మళ్లీ తూచాలి. 115 గ్రాముల ముక్క 100 గ్రాముల దగ్గర ఆగితే దానిలో తేమ 15 శాతం.

వేయబోయే గదిలోనే పలకలను మధ్యలో పుల్లలు పెట్టి, గాలి ఆడేలా దొంతరగా పేర్చి కనీసం రెండు మూడు వారాలు ఉంచాలి. గదికి ఏసీ ఉంటే అది రోజూ నడిచినట్టే నడవాలి. వారం తేడాతో తీసిన రెండు కొలతలు ఒకేలా వస్తే పలక ఆ గదికి అలవాటుపడినట్టు.

సాలిడ్, ఇంజనీర్డ్, లామినేట్: తేడా ఏమిటి?

దుకాణంలో 'వుడెన్ ఫ్లోరింగ్' అనే ఒకే మాట కింద నాలుగు వేర్వేరు వస్తువులు అమ్ముతారు.

సాలిడ్: మొత్తం ఒకే కలప. ముప్పావు అంగుళం మందం పలకలో పైనుంచి సుమారు 6 మిల్లీమీటర్ల వరకు రుద్ది, మళ్లీ పాలిష్ చేసుకోవచ్చు. అంటే జీవితకాలంలో చాలాసార్లు కొత్తది చేసుకోవచ్చు. తేమకు ఎక్కువగా కదిలేదీ ఇదే.

ఇంజనీర్డ్: పైన 2 నుంచి 6 మిల్లీమీటర్ల అసలు కలప, కింద అడ్డంగా నిలువుగా అతికించిన పొరలు. ఆ పొరలు ఒకదాన్నొకటి పట్టి ఉంచడం వల్ల కదలిక బాగా తక్కువ. ఏసీ గదికి సరైన ఎంపిక. పై పొర 2 మిల్లీమీటర్లే అయితే రుద్దడానికి దాదాపు ఏమీ మిగలదు, 4 అయితే ఒకటి రెండుసార్లు అవకాశం ఉంటుంది. కింది పొరలు నీటిని తట్టుకునే జిగురుతో అతికించినవో కాదో అడగాలి. గదిలో గాలి తేమ సుమారు 60 శాతం దాటకూడదని చాలా కంపెనీలు వారంటీలో షరతు పెడతాయి. ఏసీ లేని గదిలో ఆ వారంటీ కాగితానికే పరిమితం.

లామినేట్: చెక్క పొడిని అదిమి చేసిన అట్ట మీద కలప బొమ్మ ముద్రించిన పొర. గీతలను బాగానే తట్టుకుంటుంది. అంచుల్లోకి నీరు దిగితే ఉబ్బుతుంది, మళ్లీ మామూలుకు రాదు. వానకు తడిసిన చెప్పులతో నడిచే ఇంట్లో ఇది చవకగా కొని త్వరగా పారేసే వస్తువు.

వినైల్, ఎస్పీసీ: వీటిలో కలప లేదు. సున్నపురాయి పొడి, ప్లాస్టిక్ కలిసిన పలకలు. నీటికి చెక్కుచెదరవు. చెక్కలా కనిపిస్తే చాలనుకునేవారికి కింది అంతస్తులో ఇదే తక్కువ చిక్కు. కానీ రుద్ది కొత్తది చేసుకోవడం కుదరదు.

కింద ఏముందో చూశాకే పైన పలక

పాత ద్వీప గృహాల్లో పలకల కింద ఖాళీ ఉండేది. గాలి ఆడి, పలక పై భాగమూ కింది భాగమూ ఒకే తేమలో ఉండేవి. ఇప్పుడు చెక్కను నేరుగా కాంక్రీటు మీద వేస్తున్నారు. కింద నుంచి తడి, పైన పాలిష్. దాంతో పలక అడుగు ఉబ్బి, పై భాగం ఉబ్బక వంకర తిరుగుతుంది.

కొత్త స్లాబు ఆరడానికి అంగుళం మందానికి కనీసం నెల అన్నది పాత లెక్క. నాలుగు అంగుళాల స్లాబుకు నాలుగు నెలలు, వానల్లో ఇంకా ఎక్కువ. ఒకటిన్నర అడుగుల చదరపు పాలిథిన్ షీటును కాంక్రీటు మీద పరిచి నాలుగు అంచులూ టేపుతో మూసి 16 గంటలైనా వదిలేయండి. తీసి చూస్తే అడుగున నీటి చెమ్మ కనిపించినా, కాంక్రీటు రంగు ముదిరినా ఇంకా ఆగాలి.

ఆరాక కాంక్రీటు మీద మందపాటి పాలిథిన్ పరిచి, దాని మీద చెదల మందు పట్టించిన రీపర్లు బిగించి, వాటి మీద పలకలు మేకులతో కొట్టడం ఈ వాతావరణానికి నమ్మకమైన పద్ధతి. రీపర్ల మధ్య గాలికి స్కర్టింగ్ దగ్గర చిన్న సందులు వదలాలి. నేల ఎత్తుపల్లాలు 10 అడుగుల పొడవులో 5 మిల్లీమీటర్లు మించకుండా ముందే సరిచేయాలి. లేకపోతే నడిచిన ప్రతిసారీ కిర్రుమంటుంది.

పై అంతస్తులో చెక్కకు ఇంకో లాభం ఉంది. ఈ దీవులు భూకంప ప్రమాదం తీవ్రంగా ఉన్న ప్రాంతంలో ఉన్నాయి. 20 మిల్లీమీటర్ల పడౌక్ నేల చదరపు మీటరుకు సుమారు 15 కిలోలు, రీపర్లతో మరికొంత. 18 మిల్లీమీటర్ల గ్రానైటు, దాని కింద 40 మిల్లీమీటర్ల సిమెంటు కలిపితే సుమారు 130 కిలోలు. భూమి కదిలినప్పుడు పై అంతస్తు ఎంత తేలికైతే గోడల మీద, స్తంభాల మీద అంత తక్కువ ఒత్తిడి పడుతుంది.

బడ్జెట్: 12 x 10 అడుగుల గది లెక్క

గది వైశాల్యం 120 చదరపు అడుగులు. పలక మందం ముప్పావు అంగుళం. గుణిస్తే 7.5 ఘనపుటడుగుల కలప. చాలామంది ఇక్కడే ఆగి, దాన్ని మిల్లు ధరతో గుణించి బడ్జెట్ అనుకుంటారు. చాలామంది లెక్క తప్పేది ఇక్కడే.

ముప్పావు అంగుళం పలక రావాలంటే అంగుళం మందం కోసి చిత్రిక పట్టాలి. నాలుగు అంగుళాల పలకకు ఒక అంచున నాలుక, రెండో అంచున గాడి తీస్తే పైకి కనిపించే వెడల్పు మూడున్నర అంగుళాలే. ఈ రెండూ కలిపితే 7.5 కాస్తా 11.4 అవుతుంది. ముడులు, పగుళ్లు, చివరి ముక్కల కింద 10 శాతం కలిపితే సుమారు 12.5. కింద 16 అంగుళాలకొకటి చొప్పున రెండు అంగుళాల చదరపు రీపర్లు పదివేస్తే ఇంకో 3. మొత్తం 15.5 ఘనపుటడుగులు. గది కొలతలు చెప్పినదానికి రెట్టింపు.

ఇప్పుడు రూపాయల్లో చూద్దాం. కింది ధరలు లెక్క అర్థమవడానికి అనుకున్నవి మాత్రమే, మార్కెట్ ధరలు కావు. మీకు చెప్పిన ధరలను వీటి స్థానంలో పెట్టుకోండి.

పలకల కలప: ఘనపుటడుగు రూ.4,000 అనుకుంటే, 12.5కు రూ.50,000.
రీపర్ల కలప: రూ.2,000 చొప్పున 3కు రూ.6,000.
ఆరబెట్టడం, చిత్రిక, నాలుక-గాడి: చదరపు అడుగుకు రూ.60 చొప్పున రూ.7,200.
పాలిథిన్, చెదల మందు, మేకులు, స్కర్టింగ్: రూ.40 చొప్పున రూ.4,800.
పరిచే కూలి: రూ.80 చొప్పున రూ.9,600.
రుద్దడం, మూడు పూతల పాలిష్: రూ.90 చొప్పున రూ.10,800.
మొత్తం రూ.88,400. అనుకోని ఖర్చులకు 10 శాతం కలిపితే రూ.97,240.

7.5 ఘనపుటడుగుల లెక్కలో ఇదే గది రూ.30,000గా కనిపించింది. చదరపు అడుగుకు రూ.250 అనుకున్నది రూ.810 అయింది. పన్ను, ఓడ కిరాయి ఇందులో లేవు. ధరలు మారినా ఈ నిష్పత్తి పెద్దగా మారదు. అందుకే కలప కొనే ముందు అనుకున్న ఖర్చును మూడుతో గుణించి చూసుకోవడం మేలు.

ఇంజనీర్డ్ పలకను చదరపు అడుగు చొప్పున పెట్టెల్లో అమ్ముతారు కాబట్టి లెక్క సులువు. వైశాల్యానికి 5 నుంచి 10 శాతం కలిపి కొనాలి. ఒక పెట్టె అదనంగా దాచుకోవాలి. రెండేళ్ల తర్వాత ఒక పలక మార్చాల్సి వస్తే అదే రంగు ఓడలో తెప్పించడం అయ్యే పని కాదు.

ఎక్కడ తగ్గించవచ్చు, ఎక్కడ తగ్గించకూడదు?

తగ్గించగలిగినవి: పొడవు పలకల బదులు రెండు మూడు అడుగుల ముక్కలు వాడొచ్చు. ఒకే వెడల్పు కావాలని పట్టుబట్టకపోతే వృథా తగ్గుతుంది. వెడల్పు తగ్గేకొద్దీ పలకకు పలకకు మధ్య కదలిక కూడా తక్కువగా కనిపిస్తుంది. పాత చెక్క ఇల్లు విప్పినప్పుడు వచ్చే దూలాలను, రసీదు లేదా యాజమాన్య కాగితం ఉంటే, కోయించి వాడుకోవచ్చు. దశాబ్దాల పాటు ఇక్కడి గాలిలోనే ఉన్న కలప అది, తేమ విషయంలో దాన్ని మించినది లేదు. మేకులు మాత్రం అన్నీ పీకించాలి.

తగ్గించకూడనివి: ఆరబెట్టడం, చెదల మందు, పాలిథిన్. ఈ మూడూ కలిపినా మొత్తంలో చిన్న భాగమే. ఇవి లేకపోతే మిగిలిన ఖర్చంతా ప్రమాదంలో పడుతుంది. ఇంటి లోపలి చెక్కకు బోరాక్స్, బోరిక్ యాసిడ్ ద్రావణం పనికొస్తుంది. నీటికి కరిగిపోతుంది కాబట్టి వాన తగిలే వరండాకు మాత్రం పనికిరాదు.

ఎప్పుడు వేయించాలి? మేస్త్రీతో ఏం రాసుకోవాలి?

జనవరి నుంచి ఏప్రిల్ వరకు పని సులువు. కానీ ఆ నెలల్లో పలక ఏడాదిలోకెల్లా సన్నగా ఉంటుంది, జూన్‌లో ఉబ్బుతుంది. కాబట్టి పొడి నెలల్లో వేసేటప్పుడు పలకలను మరీ బిగించి కొట్టకూడదు. గోడల పక్కన 12 మిల్లీమీటర్ల ఖాళీ తగ్గనివ్వకూడదు. వానల్లో వేస్తే దీనికి వ్యతిరేకం, దగ్గరగా కొట్టాలి. మార్చి వచ్చేసరికి సన్నని సందులు కనిపిస్తాయి, అవి లోపం కాదు.

ఒప్పందం నోటి మాటగా కాకుండా ఒక కాగితం మీద ఉండాలి. కలప రకం, చేవ మాత్రమేనా, దించే రోజు తేమ ఎంతకు మించకూడదు, ధర కోసిన ఘనపుటడుగుకా లేక పరిచిన చదరపు అడుగుకా, పాలిష్ ఎన్ని పూతలు, మొదటి వానాకాలం తర్వాత వచ్చి సరిచేసే బాధ్యత ఎవరిది అన్నవి రాసుకోవాలి. కూలిలో కొంత భాగం ఆ వానాకాలం దాటాక ఇచ్చేలా ఒప్పుకుంటే ఇద్దరికీ మంచిది. పొడి నెలల్లో అద్దంలా కనిపించే నేల ఎలాంటిదో ఆగస్టులోనే తెలుస్తుంది.

ఇంతకీ వేయించాలా?

కింది అంతస్తు, ఏసీ లేదు, వరండా నుంచి తడి కాళ్లతో లోపలికి వచ్చే ఇల్లు అయితే టైల్సు లేదా ఎస్పీసీ చాలు. వంటిల్లు, స్నానాల గది పక్క గదుల సంగతీ అంతే. పై అంతస్తు పడకగది, కింద పొడి స్లాబు, రోజూ రాత్రి ఏసీ నడిచే ఇల్లు అయితే 4 మిల్లీమీటర్ల పై పొర ఉన్న ఇంజనీర్డ్ పలక చూడొచ్చు. పై అంతస్తు, ఏసీ లేదు, గాలి బాగా ఆడుతుంది అంటే 14-16 శాతం తేమకు ఆరిన స్థానిక సాలిడ్ కలపకు మించినది లేదు.

ఇక్కడి చట్టబద్ధమైన కలపకు ఒక హద్దు ఉంది. ద్వీపవాసుల తలుపులకు, కిటికీలకు, పైకప్పులకు వెళ్లాల్సిందీ అదే వాటా నుంచి. ఇల్లంతా సరిగా ఆరని పడౌక్ పరిచి ఐదేళ్లకు పీకేయడం కన్నా, ఒక్క గదిలో సరిగా ఆరిన పడౌక్ వేసి మధ్యమధ్యలో రుద్దించుకుంటూ ముప్పై ఏళ్లు వాడుకోవడం జేబుకూ మంచిది, ఆ అడవికీ మంచిది.